మందు ఎవరికి?

(కుటుంబాల కోసం ఏర్పాటు చేసిన ఆరోగ్య సభలో ఒక ఫార్మసిస్టు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

మైకు ముందు నిలబడటం నాకు అలవాటు లేదు. కౌంటర్ వెనక నిలబడటం మాత్రం 26 ఏళ్లుగా అలవాటే. అక్కడ నా ప్రసంగం ఎప్పుడూ ఒకే మాటతో మొదలవుతుంది. ఎవరైనా వచ్చి "జ్వరం మాత్ర ఇవ్వండి" అంటారు. నేను "ఎవరికి?" అంటాను. అంతే, ఎదుటి మనిషి ముఖం మాడిపోతుంది. "ఎవరికైతే ఏమండీ, జ్వరం మాత్రే కదా!"

ఆ చిరాకు నాకు అర్థమవుతుంది. ఇంట్లో ఎవరో మూలుగుతూ పడుకుని ఉంటారు. వచ్చినవారికి గబగబా తీసుకుని వెళ్లిపోవాలని ఉంటుంది. ఇక్కడ చూస్తే ఒక పెద్దమనిషి ఆరాలు తీస్తున్నాడు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మందుల షాపులో ఆ సామెత తిరగబడుతుంది. అక్కడ అడగాల్సింది వచ్చినవారు కాదు, నేను.

మాత్ర పేరు చెబితే నాకు తెలిసేది సగమే. దాన్ని మింగబోయే మనిషి మిగతా సగం. ఆ మనిషి వయసెంత, బరువెంత, ఇప్పటికే ఏయే మందులు వాడుతున్నారు, ఏ మందు పడదు, గర్భవతా, పాలిచ్చే తల్లా, కాలేయం, కిడ్నీలు ఎలా ఉన్నాయి? ఇన్ని ప్రశ్నలు ఒక్కసారిగా గుప్పిస్తే మీరు పారిపోతారు కాబట్టి "ఎవరికి?" అని మొదలుపెడతాను.

ఈ మాట నాకు ఎవరూ పాఠంలో నేర్పలేదు. నేను చేసిన ఒక పొరపాటు నేర్పింది. అది చెబుతాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సాయంత్రం ఒక తండ్రి వచ్చి, పిల్లల పారాసిటమాల్ కావాలని ఒక కంపెనీ పేరు చెప్పాడు. షాపు నిండా జనం. నేను అదే కంపెనీది ఒక పెట్టె తీసి ఇచ్చాను, ఆయన తీసుకుని వెళ్లాడు. నేనిచ్చినవి డ్రాప్స్. ఆయన పెద్ద కొడుక్కి అంతకుముందు వాడింది సిరప్. పేరు ఒకటే, పెట్టె రంగు ఒకటే. ఆ సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. డ్రాప్స్‌లో ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు. అంటే దాదాపు నాలుగింతల చిక్కదనం. పసిపిల్లలు ఎక్కువ మింగలేరని డ్రాప్స్‌ను అలా చిక్కగా తయారుచేస్తారు.

రాత్రి ఆయన ఫోను చేశాడు. "5 ఎంఎల్ వేయాలని గుర్తు. ఈ డ్రాపర్‌తో అయిదుసార్లు పీల్చాల్సి వస్తోంది, సీసాలో మూడో వంతు అయిపోతోంది. ఇంత చిన్న సీసా ఎందుకిచ్చారు?" నాకు కాళ్లలో వణుకు పుట్టింది. "బాబు బరువెంత?" అని అడిగాను. 8 కిలోలు. పిల్లలకు పారాసిటమాల్ ఒక్కో మోతాదు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 8 కిలోల బిడ్డకు 80 నుంచి 120. అంటే ఆ డ్రాప్స్ సుమారు ఒక మిల్లీలీటరు. ఆయన వేయబోయింది 500 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లు మింగే ఒక మాత్ర మొత్తం! అదీ రోజుకు నాలుగుసార్లు వేస్తే ఆ పసివాడి కాలేయం ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోవడం ఇష్టం ఉండదు.

ఆయన ఇంకా వేయలేదు. సీసా మరీ చిన్నదిగా ఉందన్న అనుమానమే ఆ బిడ్డను కాపాడింది. నేను కాదు. "ఎవరికి, ఎన్ని కిలోలు" అని కౌంటర్ దగ్గర అడిగి ఉంటే పది క్షణాలు పట్టేది. సిరంజి తీసి, ఇక్కడి వరకు అని గోటితో గీత చూపిస్తే ఇంకో పది క్షణాలు.

అందుకే ఇప్పుడు చంటిపిల్లల మందు ఏదిచ్చినా, సూది లేని నోటి సిరంజి ఒకటి చేతిలో పెట్టి దానిమీద పెన్నుతో గీత గీస్తాను. చెంచా లెక్కలు నేను నమ్మను. మీ ఇంట్లో నాలుగు చెంచాలు తీసి కొలిచి చూడండి, ఏ రెండూ ఒకటిగా ఉండవు. ఇంకో సంగతి, బిడ్డ బరువు ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి. నెలనెలా మార్చండి. పిల్లల జ్వరం రాత్రి పదకొండింటికే వస్తుంది, అప్పుడు ఎవరికీ బరువు గుర్తుండదు.

పారాసిటమాల్ గురించే ఇంకో ముక్క, ఎందుకంటే ఇంత మంచి మందు, ఇంత తేలిగ్గా దొరికే మందు, ఇంత తేలిగ్గా మోతాదు దాటిపోయే మందు ఇంకొకటి లేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి 24 గంటల్లో 4 గ్రాములు హద్దు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు 8. "నేనెప్పుడు ఎనిమిది వేసుకుంటానండీ" అంటారు. నిజమే, మాత్రలుగా వేసుకోరు. జ్వరానికి ఒకటి వేసుకుంటారు, జలుబుకు వేరే మాత్ర వేసుకుంటారు, ఒళ్లు నొప్పులకు ఇంకోటి. ఆ మూడింటిలోనూ పారాసిటమాల్ ఉంటుంది. మూడు పెట్టెల మీద మూడు పేర్లు, లోపల మందు ఒకటే. పెట్టె మీది పెద్ద అక్షరాలు కంపెనీ పెట్టుకున్న పేరు, దాని కింది చిన్న అక్షరాలు అసలు మందు. ఆ చిన్న అక్షరాలు చదవడం మా పని. చదివి పెట్టమని అడగడం మీ హక్కు.

ఇక ఇంట్లో పెద్దవాళ్ల విషయానికి వద్దాం. నా వృత్తిలో నాకు బాగా ఇష్టమైన పని ఇదే. నేను దానికి సంచీ పని అని పేరు పెట్టుకున్నాను.

ఒక వయసు దాటాక మనిషికి ఒక్క డాక్టరు ఉండరు. గుండెకు ఒకరు, కీళ్లకు ఒకరు, షుగర్‌కు ఒకరు, కంటికి ఒకరు. ఎవరి చీటీ వారిదే. నలుగురు రాసినవీ కలిసేది రెండు చోట్ల, మీ కడుపులో, మా కౌంటర్ మీద. కడుపులో కలిసే ముందే కౌంటర్ మీద కలిస్తే మంచిది కదా! అందుకే ఇంట్లో ఉన్న మందులన్నీ, చుక్కలు, పూతమందులు, బలానికి వాడేవి, ఎవరో చెబితే కొన్న మూలికల మందులు, అన్నీ ఒక సంచీలో వేసుకుని తెమ్మంటాను. జాబితా రాసుకుని రావద్దు. జాబితాలో మనిషి చెప్పదలుచుకున్నవే ఉంటాయి, సంచీలో ఉన్నవన్నీ ఉంటాయి.

ఒకసారి ఒక తాతగారు వచ్చారు. బీపీ మాత్ర సరిగ్గానే వేసుకుంటున్నారు, అయినా బీపీ దిగడం లేదు. డాక్టరుగారు మోతాదు పెంచారు, అయినా దిగలేదు. సంచీ బోర్లించాం. బీపీ మాత్ర ఉంది, ఒంట్లో నీరు పోవడానికి ఇచ్చే మాత్ర ఉంది. వాటితోపాటు మోకాళ్ల నొప్పులకు రోజూ రెండుపూటలా వేసుకుంటున్న ఐబుప్రొఫెన్ ఉంది. దాని గురించి ఆయన డాక్టరుకు చెప్పలేదు. "అది మందేమిటి బాబూ, నొప్పి మాత్ర" అన్నారు. ఆ జాతి నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పును, నీటిని పట్టి ఉంచుతాయి, బీపీని పెంచుతాయి. కొన్ని రకాల బీపీ మాత్రలు, నీటి మాత్ర, ఈ నొప్పి మాత్ర మూడూ కలిస్తే కిడ్నీలకు రక్తం సరిగ్గా అందక అవి దెబ్బతినే ప్రమాదం ఉంది. నేను ఏ మందూ ఆపేయమని చెప్పలేదు, అది నా అధికారం కాదు. సంగతంతా ఒక కాగితం మీద రాసి, దాన్ని తీసుకుని మర్నాడే డాక్టరుగారి దగ్గరికి వెళ్లమన్నాను. వెళ్లారు. డాక్టరుగారు నొప్పి మాత్ర మార్చారు. నెల తిరిగేసరికి బీపీ మాత్ర పాత మోతాదుకే వచ్చింది.

సంచీలో ఇంకేం దొరుకుతాయో చెప్పమంటారా? ఒకే మందు రెండు పేర్లతో దొరుకుతుంది. ఆసుపత్రిలో ఒక కంపెనీది రాస్తారు, ఇంట్లో పాతది వేరే కంపెనీది ఉంటుంది, మనిషి రెండూ వేసుకుంటూ ఉంటారు. జలుబు మాత్రలు దొరుకుతాయి. ముక్కు దిబ్బడ తగ్గించే మందు బీపీని పెంచుతుంది, పాతకాలపు తుమ్ముల మాత్రలు పెద్దవారికి మత్తునిస్తాయి, రాత్రి లేచినప్పుడు తూలి పడతారు. పడితే తుంటి ఎముక. జలుబు మాత్రకూ తుంటి ఎముకకూ సంబంధం ఉందంటే ఎవరూ నమ్మరు!

ఒక్క మందు పేరు మాత్రం గట్టిగా చెబుతాను, గుర్తుపెట్టుకోండి. మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు ఇస్తారు. ఈ జబ్బులకు దాన్ని వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. మన చేతికి మాత్రంటే రోజూ వేసుకోవడమే అలవాటు. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముకల్లోని మూలుగ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. మా దగ్గర ఆ మందు ఇచ్చేటప్పుడు "వారంలో ఏ రోజు వేసుకుంటారు?" అని అడిగి, వారు చెప్పిన రోజు పేరు పెట్టె మీద రాస్తాను. నేను చెప్పను, వారితోనే చెప్పిస్తాను. చెప్పిన మాట మరిచిపోవచ్చు కానీ తన నోటితో అన్న మాట మనిషికి ఎక్కువ రోజులు నిలుస్తుంది.

మందు సరైనదే, మోతాదు సరైనదే, అయినా పనిచేయదు. ఎందుకు? చేరాల్సిన చోటికి చేరకపోవడం వల్ల. దీనికి ఇన్‌హేలర్‌ను మించిన ఉదాహరణ లేదు. (జేబులోంచి ఇన్‌హేలర్ తీసి చూపిస్తూ) ఇది ఖాళీది, భయపడకండి. చాలామంది ఎలా వాడతారో చూడండి. నోట్లో పెట్టుకుంటారు, నొక్కుతారు, ఆ తర్వాత పీలుస్తారు. చూశారా, పెదాల సందుల్లోంచి తెల్లటి పొగ? అదే మందు. ఊపిరితిత్తుల్లోకి పోవాల్సింది గాలిలో కలిసింది. మిగిలింది నాలుక మీద, గొంతులో పడింది.

ఇప్పుడు సరిగ్గా చూద్దాం. ముందు బాగా ఊపాలి. ఊపిరి మొత్తం బయటికి వదలాలి. పెదాలు బిగించి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూ అప్పుడు నొక్కాలి. పీలుస్తూనే ఉండాలి, హడావిడి లేదు. నిండాక 10 లెక్కపెట్టేదాకా బిగపట్టాలి. పీల్చడానికి, నొక్కడానికి పొత్తు కుదరకపోతే స్పేసర్ అనే గొట్టం ఉంటుంది. పిల్లలకు అయితే అది ఉండి తీరాల్సిందే. స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది. ఇంకో చిక్కు చెప్పనా? పొడి పీల్చే రకం ఇన్‌హేలర్ ఒకటుంది, దాని పద్ధతి పూర్తిగా వేరు. దాన్ని నెమ్మదిగా పీలిస్తే మందు రాదు, ఒక్క ఊపున గట్టిగా పీల్చాలి. ఇంట్లో ఒకరికి ఒక రకం, ఇంకొకరికి ఇంకో రకం ఉండి, ఒకరికొకరు నేర్పుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి.

డబ్బా అయిపోయిందో లేదో ఊపి చూస్తే తెలియదు. మందు అయిపోయాక కూడా లోపలి వాయువు కాసేపు బుస్సుమంటూనే ఉంటుంది. 200 మోతాదుల డబ్బా అయితే, రోజుకు నాలుగు వాడితే 50 రోజులు. లెక్క తప్పకుండా మొదలుపెట్టిన తేదీ డబ్బా మీద రాయండి.

కంటి చుక్కలు, థైరాయిడ్ మాత్రలు, ఇన్సులిన్ గురించి ఇంత విడమర్చి చెప్పే సమయం లేదు. కంట్లో ఒక్క చుక్క చాలు, రెండో చుక్కకు చోటుండదు, చెంప మీదికి జారుతుంది. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో 5 నిమిషాలు ఆగండి. థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలు వాడుతుంటే దానికీ వాటికీ నాలుగు గంటల ఎడం. తెరవని ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య పెట్టాలి, గడ్డకట్టిందంటే పారేయాలి. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలను మింగలేక పొడిచేసి ఇచ్చేవాళ్లున్నారు. రోజంతా రావాల్సిన మందు ఒక్కసారిగా వచ్చి పడుతుంది. మింగలేకపోతే మమ్మల్ని అడగండి, ఆ మందు ద్రవరూపంలో ఉందేమో చూస్తాం.

పిల్లల విరేచనాల దగ్గర మాత్రం కొంచెం ఆగాలి.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ తెలియని ఇల్లు లేదు. కలపడం తెలిసిన ఇళ్లు ఎన్నో నాకు అనుమానమే. ఒకామె వచ్చి "ఇది బిడ్డ తాగడం లేదు, మొహం తిప్పేస్తున్నాడు" అంది. ఎలా కలిపావమ్మా అంటే, లీటరు నీళ్లలో కలపాల్సిన ప్యాకెట్ మొత్తాన్ని గ్లాసు నీళ్లలో కలిపింది. చిక్కగా ఉంటే బలమని ఆమె ఉద్దేశం. అలా కలిపితే ఉప్పు అయిదింతలై, తగ్గాల్సిన ప్రమాదం పెరుగుతుంది. బిడ్డ మొహం తిప్పడమే మేలు చేసింది. ఇంకొందరు పొదుపరులు. ప్యాకెట్‌లోంచి చిటికెడు తీసి గ్లాసులో వేస్తారు, మిగతాది మడిచి దాస్తారు. అందులో ఏముందో, ఎంతుందో ఎవరికీ తెలియదు. ప్యాకెట్ మొత్తం, దాని మీద రాసిన నీళ్లు మొత్తం. కాచి చల్లార్చిన నీళ్లయితే మంచిది. కలిపింది 24 గంటల్లో వాడేయాలి, మిగిలితే పారబోయాలి. బిడ్డ వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచా చెంచాగా పట్టాలి. తల్లిపాలు ఆపకూడదు.

దాంతోపాటు జింక్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 2004లోనే చెప్పాయి. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకంటే చిన్నవారికి 10, మొత్తం 10 నుంచి 14 రోజులు. విరేచనాలు మూడో రోజు ఆగితే నాలుగో రోజు జింక్ ఆపేస్తారు. ఆపకూడదు. ఇలాంటప్పుడు తల్లిదండ్రులు నన్ను అడిగేది విరేచనాలు ఠక్కున ఆపే మందు. చిన్నపిల్లలకు దాన్ని నేను ఇవ్వను. దాని బదులు కలిపే పద్ధతి చెబుతాను. వారికి నచ్చదు, ఏదో ఒక మందు చేతికి రావాలి కదా!

యాంటీబయాటిక్‌ల మాటా ఇంతే, కానీ దాని గురించి మీరు చాలాసార్లు విని ఉంటారు కాబట్టి తొందరగా దాటేస్తాను. మామూలు జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది. యాంటీబయాటిక్ బాక్టీరియాను చంపే మందు, వైరస్‌ను ఏమీ చేయలేదు. పోయినసారి మిగిలిన నాలుగు మాత్రలు ఈసారికి దాచుకోవద్దు. పొడిగా వచ్చే పిల్లల యాంటీబయాటిక్ సీసాలో నీళ్లు కలపడం రాకపోతే, మా దగ్గరే గీత వరకు కలిపించుకుని వెళ్లండి. కలిపాక కొన్నిటిని ఫ్రిజ్‌లో పెట్టాలి, కొన్నిటికి అక్కర్లేదు. ఎన్ని రోజులు పనికొస్తుందో సీసా మీద తేదీ వేయించుకోండి.

ఇంతవరకు మా షాపుకు మీరొచ్చే సంగతి. ఒక్కోసారి ఫార్మసిస్టే మనుషులున్న చోటికి వెళ్తే ఏమవుతుంది? లాస్ ఏంజెలెస్‌లో పరిశోధకులు ఈ ప్రశ్న వేసుకుని చేసిన పని నాకు భలే నచ్చింది. అక్కడి నల్లజాతి మగవారిలో బీపీ అదుపులో లేనివారు చాలామంది. వాళ్లు ఆసుపత్రికి వెళ్లరు, జుట్టు కత్తిరించుకోవడానికి మాత్రం తప్పకుండా వెళ్తారు. 52 సెలూన్‌లలో 319 మందిని ఎంచుకున్నారు. కొన్ని సెలూన్‌లకు ఫార్మసిస్టులు క్రమం తప్పకుండా వెళ్లి, అక్కడే బీపీ చూసి, డాక్టర్లతో ముందే కుదుర్చుకున్న పద్ధతి ప్రకారం మందులు ఇచ్చారు, మార్చారు. మిగతా సెలూన్‌లలో క్షురకులే జీవనశైలి గురించి నచ్చజెప్పి, డాక్టరు దగ్గరికి వెళ్లమని ప్రోత్సహించారు. ఆరు నెలల తర్వాత రెండో రకం సెలూన్‌లలో పై బీపీ సగటున 9 పాయింట్లు తగ్గింది. ఫార్మసిస్టులు వెళ్లినచోట 27 పాయింట్లు. 2018లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మందులు కొత్తవేమీ కావు. కొత్తగా జరిగిందల్లా, ఒక మనిషి మళ్లీ మళ్లీ వచ్చి "వేసుకున్నారా, ఎలా ఉంది, కాళ్లేమైనా వాస్తున్నాయా" అని అడగడం.

ఎందుకు అడగాలంటే, 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చిన లెక్క ఇది. సంపన్న దేశాల్లో కూడా దీర్ఘకాల రోగాలకు మందులు రాసినట్టుగా వాడేవారు సగం మందే. మిగతా సగం సోమరులు కారు. కళ్లు తిరిగి ఆపేసినవారు ఉన్నారు, ఖర్చు భరించలేక రోజు విడిచి రోజు వేసుకునేవారు ఉన్నారు, నయమైపోయిందనుకున్నవారు ఉన్నారు. ఇవన్నీ డాక్టరుకు చెప్పడానికి మొహమాటపడతారు. మాకు మాత్రం, చిల్లర తీసుకుంటూ, తల తిప్పి చెప్పేస్తారు.

తల తిప్పి చెప్పే మాటలు అనగానే ఇంకోటి గుర్తొచ్చింది. ఇప్పటిదాకా "ఎవరికి?" అని అడగాలని ఊదరగొట్టాను కదా, దానికి మినహాయింపు ఉంది. ఒక అమ్మాయి వచ్చి, షాపులో అందరూ వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి, గర్భం రాకుండా వేసుకునే అత్యవసర మాత్ర అడుగుతుంది. అప్పుడు "ఎవరికి?" అనడం ఫార్మసిస్టు మర్యాద కాదు. పక్కకు పిలిచి రెండే అడగాలి. "ఎన్ని గంటలైంది? వేరే మందులేమైనా వాడుతున్నారా?" మామూలుగా దొరికే లెవోనార్జెస్ట్రెల్ మాత్రను 72 గంటల్లోపు వేసుకోవాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. కొన్ని మూర్ఛ మందులు, క్షయ మందుల్లో రిఫాంపిసిన్ దాని శక్తిని తగ్గిస్తాయి, అందుకే రెండో ప్రశ్న. మూడో ప్రశ్న లేదు. మా వృత్తిలోకి వస్తున్న యువతకు నేను మొదట నేర్పేది గొంతు ఎప్పుడు తగ్గించాలన్నదే.

మేం డాక్టర్లం కాము. ఇంగ్లండ్‌లో 2024 జనవరి నుంచి గొంతునొప్పి, ఆడవారి మూత్రంలో మంట వంటి ఏడు సమస్యలకు నిర్ణీత షరతులతో ఫార్మసిస్టులే చూసి, అవసరమైతే యాంటీబయాటిక్ ఇచ్చే ఏర్పాటు చేశారు. అన్ని దేశాల్లో అలా లేదు, చట్టం ఎంతవరకు అనుమతిస్తే అంతే. కానీ ఎక్కడైనా సరే, మా పనిలో పెద్ద భాగం "ఇది నా దగ్గర తేలేది కాదు" అని వెంటనే చెప్పడం. మూడు నెలలలోపు బిడ్డకు 38 డిగ్రీల జ్వరం ఉంటే నేను ఏ మందూ చేతికివ్వను, ఆసుపత్రికి వెళ్లమంటాను. ఛాతీ పట్టేసినట్టుండి ఎడమ చేతిలోకి లాగుతోందని గ్యాస్ మాత్ర అడిగితే, మాత్ర ఇవ్వను, కూర్చోబెట్టి అంబులెన్స్‌కు ఫోను చేస్తాను. రెండు వారాలు దాటిన దగ్గు, మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, మెడ బిగుసుకున్న జ్వరం, ఇవేవీ సిరప్‌తో సరిపెట్టేవి కావు.

ఇక ప్రశ్నలు ఉంటే అడగండి.

(సభలోంచి ఒకరు: "మీరు అమ్ముకునేవాళ్లు కదండీ, వద్దని ఎందుకు చెబుతారు?")

మంచి ప్రశ్న, మా వాళ్లకు నచ్చదు గానీ. (నవ్వులు) అనుమానం న్యాయమైనదే. అమ్మకం మీద బతికే మనిషి సలహా కూడా ఇస్తే ఎంతవరకు నమ్మాలి? నేను ఒక కొండగుర్తు చెబుతాను. మీరు మందు అడిగినప్పుడు అవతలి మనిషి ఏమైనా ప్రశ్న వేస్తున్నారా? ఒక్క ప్రశ్న కూడా లేకుండా అడిగిందల్లా తీసిచ్చే చోట, పైగా అడగనివి కూడా అంటగట్టే చోట, మీ అనుమానం కొనసాగించండి. ఇంకోటి, కౌంటర్ దగ్గర ఉన్నవారందరూ ఫార్మసిస్టులు కారు. "ఫార్మసిస్టుగారు ఉన్నారా, ఆయనతో మాట్లాడాలి" అని అడగండి. అడగడం తప్పేమీ కాదు. అలా అడిగితే నాకైతే సంతోషం.

("ఫోనులో వెతికితే అన్నీ తెలుస్తున్నాయి కదా?")

మందు గురించి అంతా తెలుస్తుంది, నిజమే. దుష్ఫలితాల జాబితా చదివి మాత్ర మానేసినవాళ్లు వారానికి ఒకరైనా వస్తారు నా దగ్గరికి. ఫోనుకు ఆ మందు తెలుసు, మీ సంచీ తెలియదు. వెతకండి, చదవండి, చదివింది తెచ్చి నన్ను అడగండి. నాకు తెలియకపోతే నేనూ పుస్తకం తీస్తాను, మొహమాటం లేదు.

("ఇంట్లో మిగిలిపోయిన మందులు ఏం చేయాలి?")

ముందుగా, స్నానాల గదిలో పెట్టి ఉంటే అక్కడినుంచి తీయండి, ఆ తేమకు గడువుకు ముందే పాడవుతాయి. గడువు దాటినవి, ఎవరివో తెలియనివి వేరు చేయండి. సింకులో పోయకండి, నీళ్లలో కలుస్తాయి. కొన్ని షాపులు వెనక్కి తీసుకుంటాయి, అడగండి. తీసుకునేవారు లేకపోతే మాత్రలు షీట్లలోంచి తీసి, ఎవరూ నోట్లో పెట్టుకోలేనట్టు మట్టి లాంటిది కలిపి, మూట కట్టి చెత్తలో వేయండి. చీటీల మీద మీ పేరు ఉంటే చింపేయండి.

సరే, సమయం అయిపోయిందంటున్నారు. ముందే కబురు పెట్టాం కాబట్టి కొందరు సంచీలతో వచ్చినట్టున్నారు, కనబడుతున్నాయి. తలుపు పక్కన రెండు బల్లలు వేశాం. మొదటి బల్ల దగ్గర మా సహోద్యోగి బీపీ చూస్తారు. అక్కడికి వెళ్లేవారు ముందుగా అయిదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా కూర్చోండి, చూసేటప్పుడు మాట్లాడకండి. రెండో బల్ల దగ్గర నేనుంటాను, సంచీలు అక్కడ బోర్లిద్దాం. ఇన్‌హేలర్లు తెచ్చినవారు ముందు రండి, వాటికి రెండేసి నిమిషాలే పడుతుంది.